వచ్చీ రాగానే వాంటన్లు

షెన్ చ్యావ్‌దీ పొద్దున్నే బజారులో అడుగుపెట్టిందంటే మాంసం కొట్టతనికి ఒంట్లో నలతగా అనిపిస్తుంది. అరవై దాటిన మనిషి. పొట్టిగా, పల్చగా ఉంటుంది, జుట్టు రింగులు తిప్పించుకుంటుంది. చేతిలో గుడ్డసంచీ. వచ్చీ రాగానే కొనదు. ముందు చూస్తుంది. ఆ చిన్నచూపు చూస్తే కొక్కేనికి వేలాడే పంది సిగ్గుతో ఇంకోసారి చచ్చిపోతుంది.

"ముందుకాలు దగ్గరి ముక్క ఇవ్వు. కండా కొవ్వూ కలిసి ఉండాలి. నిన్నటిది అంటగట్టావంటే మధ్యాహ్నానికల్లా మళ్ళీ వస్తాను," అంది.

"ఇవాళ కోసిందే పిన్నిగారూ. మిషన్లో వేసి ఇచ్చేయనా?"

"మిషన్లో వేస్తే దాన్ని మాంసమంటారా? పళ్ళూడినవాళ్ళు మింగే గుజ్జంటారు. ముక్కలాగే ఇవ్వు. నరుక్కోవడానికి నాకు చేతులున్నాయి."

అక్కడి నుంచి ఆకుకూరల దగ్గరికి. వాంటన్లంటే పల్చటి పిండి రేకుల్లో మాంసం మడిచి చారులో వేసేవి; వాటిలోకి జీత్సాయ్ కూర కావాలి. గట్ల మీద దానంతటది మొలిచేది, వసంతంలో తప్ప దొరకనిది. అమ్మే ఆమె చేత ఒక్కో కట్టా విప్పించి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇది గట్టు మీద మొలిచిందని ఎవరికి చెబుతావు? ప్లాస్టిక్ పరదా కింద పెంచిందే. ఆకు ఇంత వెడల్పుంటే ఇంక వాసనెక్కడ ఏడుస్తుంది?" అని మూతి ముడుచుకుంది. మూతి ముడుచుకుంటూనే సంచీ నిండా కొంది. చివరికి నూడుల్స్ దుకాణంలో వాంటన్ రేకులు తీసుకుంది. షాంఘైలో రేకులు ఇంట్లో వత్తుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. అయినా అక్కడ కూడా, "నిన్నమొన్నటి వరకు పల్చగా ఉండేవి, ఇప్పుడు అట్టముక్కలు చేస్తున్నారు," అని అనకుండా రాలేదు.

ఇంత హడావుడికీ కారణం ఆ రోజు వియ్యపురాలు రావడం.

చ్యావ్‌దీకి ఒక్కడే కొడుకు, గూ లెయ్. వాడు తెచ్చుకున్న పిల్ల ఫాన్‌రుయ్‌ది ఉత్తరాన షాన్‌దోంగ్‌లో ఒక పల్లె. పిల్ల చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, గొంతెత్తి మాట్లాడదు. ఇవేవీ చ్యావ్‌దీ లెక్కలోకి రావు. షాంఘై దాటితే ఆమె దృష్టిలో అంతా పొలమే, పొలంలో ఉండేవాళ్ళంతా మట్టిబుర్రలే. ఇప్పుడు ఫాన్‌రుయ్‌కి నెలలు నిండుతున్నాయి. పోయినసారి కడుపు నిలవలేదు. ఈసారి ఆ పిల్ల ఇన్నేళ్ళలో మొదటిసారిగా నోరు తెరిచి ఒకటి అడిగింది: కాన్పుకి మా అమ్మ నా పక్కన ఉండాలి, పురుడయ్యాక నెల వెళ్ళేదాకా ఉండాలి. అంతే.

"ఈ రెండు గదుల కొంపలోకి ఊరు ఊరంతా దించుతావట్రా?" అంది చ్యావ్‌దీ కొడుకుతో.

"ఊరు కాదమ్మా. ఒక్క మనిషి."

"వాళ్ళల్లో ఒక్క మనిషంటే ఊరంతే. గొంతులు విన్నావుగా."

కొడుకు బతిమాలాడు, అలిగాడు, భోజనం మానేశాడు. ఆఖరికి ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నట్టు మొహంలో మాత్రం ఎక్కడా కనిపించలేదు.

మెట్ల మీద పక్కింటి బావ్ పిన్ని ఎదురైంది. సంచీలోకి తొంగిచూసి, "అబ్బో, జీత్సాయ్ వాంటన్లే! ఎవరొస్తున్నారేమిటి?" అంది.

"మా వియ్యపురాలు దయచేస్తున్నారు. రైల్లో, మూటలతో సహా."

"మంచిదే కదా. నీకు సాయం."

"సాయమా! గ్యాస్ పొయ్యి చూస్తే ఎక్కడ కట్టెలు పెట్టాలని అడుగుతుందేమో. అయినా మన ఇంటికొచ్చాక మన మర్యాద మనం చేయాలి కదా. తిననీ, ఒక్కసారైనా మనుషులు తినే తిండి ఎలా ఉంటుందో చూడనీ."

ఇందులో మర్యాద ఎంత, గొప్ప ఎంత అని మీరు అడిగితే నేను చెప్పలేను. ఆమె కూడా చెప్పలేదు. ఇంటికి వచ్చినవాళ్ళకి చేత్తో నరికిన మాంసంతో వాంటన్లు పెట్టడం కంటే పెద్ద మర్యాద ఆమె పుట్టి పెరిగిన వీధిలో లేదు. తన పెళ్ళిచూపులకి వాళ్ళమ్మ అవే చేసింది. కొడుకు పుట్టినప్పుడు వాకిలి వాకిలికీ గిన్నెలతో పంచినవీ అవే. కోడలి పుట్టింటివాళ్ళకి మాత్రం ఇంతవరకూ ఎన్నడూ చేసిన పాపాన పోలేదు.

ఇంటికొచ్చి పీట ముందేసుకుంది. వెడల్పాటి కత్తితో మాంసం నరకడం మొదలుపెట్టింది. ముందు ముక్కలు, తర్వాత సన్నం, ఆ తర్వాత ఇంకా సన్నం. మధ్యమధ్యలో కత్తి పక్కకి తిప్పి మడిచి పోగు చేసి మళ్ళీ నరకడం. పోయిన ఏడు పట్టేసిన కుడి భుజం ఇంకా పూర్తిగా తగ్గలేదు. అయినా ఆగలేదు. అల్లం దంచి పిండిన నీళ్ళు పోసింది, వంటసారా చిలకరించింది, గుడ్డు కొట్టింది, చేతి వేళ్ళతో ఒకే వైపు తిప్పుతూ కలిపింది. జీత్సాయ్ ఉడికించి, పిండి, తరిగి, నువ్వుల నూనె పట్టించి అందులో కలిపింది. తర్వాత గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఉప్పు చాలిందో లేదో ఆమెకి వాసనే చెబుతుంది. ఇంకొంచెం వేసింది.

ఫాన్‌రుయ్ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "నేనేమైనా చుట్టనా అత్తయ్యా?"

"నువ్వు చుడితే అవి వాంటన్లు కావు, మీ ఊరి ముద్దలవుతాయి. కూర్చో."

ఫాన్‌రుయ్ నవ్వబోయి, పీట మీద ఏముందో అప్పుడు చూసింది. పక్కన తడిగుడ్డ కప్పిన రేకులు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఇవాళేనా అత్తయ్యా ఇవి చేసేది? మా అమ్మ వచ్చే రోజే?"

"ఇవాళ కాక ఎప్పుడు చేస్తారు? ఆవిడ వెళ్ళిపోయేటప్పుడా?" అంది చ్యావ్‌దీ, రేకు అరచేతిలో వేసుకుని, మాంసం పెట్టి, మడిచి, మూలకి నీటిచుక్క అద్ది అతికిస్తూ.

కోడలి మొహం తెల్లగా పాలిపోయింది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. "చూడు, మర్యాద చేస్తున్నా తలుపు మొహం మీద వేస్తారు," అని చ్యావ్‌దీ గోడతో చెప్పుకుని ఇంకో రేకు తీసుకుంది.

సాయంత్రం లెయ్ స్టేషన్ నుంచి అత్తగారిని తీసుకొచ్చాడు. యిన్ షూలింగ్ నిలువెత్తు మనిషి. ఎండకి కమిలిన మొహం, మెడకి గళ్ళ రుమాలు, ఒక భుజాన సంచీ, ఇంకో చేతిలో తాళ్ళు కట్టిన అట్టపెట్టె. అన్ని మెట్లూ ఎక్కి వచ్చినా ఆయాసం లేదు. గుమ్మంలోనే కూతుర్ని చూసి, పొట్ట చూసి, "ఏందే ఇంత సన్నబడినావు, పొట్ట తప్ప ఏమీ లేదే!" అని పెద్దగా అరిచి కళ్ళు తుడుచుకుంది. తర్వాత వియ్యపురాలి వైపు తిరిగి రెండు చేతులూ పట్టుకుంది. "వదినా, బాగున్నావా? నా పిల్లని బాగా చూస్తున్నావు. పున్నెముంటది నీకు."

"చెప్పులు బయట విడవండి," అంది చ్యావ్‌దీ. "ఇప్పుడే తుడిచాను."

పెట్టె విప్పితే తవుడులో పూడ్చి తెచ్చిన కోడిగుడ్లు, బాలింతకి జావ కాయడానికి కొర్రలు, ఎర్రబెల్లం, పాపకి చేత్తో కుట్టిన దూది బొంత. గుడ్లలో ఒక్కటీ పగల్లేదు. చ్యావ్‌దీ ఒక గుడ్డు తీసి దీపం వైపు ఎత్తి చూసింది. "ఇక్కడ గుడ్లు దొరకవనుకున్నారా?" అంది.

"దొరుకుతాయి. కానీ ఇవి మా కోళ్ళు పెట్టినయి."

లెయ్ గొంతు సవరించుకున్నాడు. చ్యావ్‌దీ వంటింట్లోకి వెళ్ళి పెద్ద గిన్నె తెచ్చింది. లోపల చారు, పైన సముద్రపు నాచు, సన్నగా తరిగిన గుడ్డు అట్టు, మధ్యలో బొద్దుగా తేలుతున్న వాంటన్లు. ఇంట్లో ఎవరికీ అంత పెద్ద గిన్నె పెట్టలేదు. తెచ్చి షూలింగ్ ముందు పెట్టి, చేతులు కట్టుకుని, పక్కనే నిలబడింది.

షూలింగ్ గిన్నెలోకి చూసింది. కూతురి వైపు చూసింది. ఫాన్‌రుయ్ తల వంచుకుంది. అల్లుడి వైపు చూసింది. లెయ్ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు.

"తినండి. చల్లారితే పనికిరావు. మీ ఊళ్ళో ఇలాంటివి ఎలాగూ దొరకవు," అంది చ్యావ్‌దీ.

"దొరకవు," అంది షూలింగ్ మెల్లగా. ఆ గొంతు ఇందాకటి గొంతు కాదు. ఒకటి నోట్లో పెట్టుకుంది. "రేకులు నువ్వు వత్తినవేనా వదినా?"

"కొన్నాం."

"ఓహో. పిండి కూడా కొంటారా!"

చ్యావ్‌దీకి చురుక్కుమంది. ఏదో అనబోయింది. లెయ్ చూసిన చూపుకి ఆగింది. షూలింగ్ తల వంచుకుని, ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కటీ వదలకుండా తిన్నది. చారు కూడా గిన్నె ఎత్తి తాగింది. "బాగున్నాయి," అని లేచి గిన్నె కడిగి బోర్లించి పడుకోవడానికి వెళ్ళింది. "బాగున్నాయి అనడానికి కూడా అంత కష్టం! తినడం తెలిస్తేగా చెప్పడం తెలిసేది," అని చ్యావ్‌దీ మిగిలినవి డీప్ ఫ్రీజర్‌లో సర్దింది.

మర్నాడు పొద్దున్న ఆమె ఎప్పటిలాగే పార్కుకి వెళ్ళి తోటి ఆడవాళ్ళతో కలిసి పాటలకి చేతులూపి, నలుగురితో నాలుగు చాడీలు చెప్పుకుని తిరిగొచ్చింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. సోఫా మీద దుప్పటి అంచులు కలిపి మడిచి ఉంది. షూలింగ్ సంచీ లేదు. ఫాన్‌రుయ్ గదిలో నేల మీద కూర్చుని తన బట్టలు పెట్టెలో కుక్కుతోంది. లెయ్ ఒక్కో బట్టా తీసి మళ్ళీ మంచం మీద పెడుతున్నాడు.

"ఏమిటిది? ఆవిడేదీ?"

"వెళ్ళిపోయింది," అన్నాడు లెయ్. "బస్సుకి. పొలానికి నీళ్ళు పెట్టాలట."

"చూశావా! అంత చేసి పెట్టాను, తిన్నది, చెప్పా పెట్టకుండా పోయింది. నేను ముందే అనలేదూ వీళ్ళకి..."

"అత్తయ్యా!" ఫాన్‌రుయ్ అరిచింది. ఆ పిల్ల అరవగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఇంక చాలు. పొమ్మన్నారు, పోయింది. పోయినాక కూడా వదలరా?"

"నేను పొమ్మన్నానా? ఎప్పుడు?"

"నిన్న. గిన్నె ముందు పెట్టి."

చ్యావ్‌దీ వంటింట్లో బోర్లించిన గిన్నె వైపు తిరిగి చూసింది.

"మా వైపు ఇంటికి ఎవరైనా వస్తే నూడుల్స్ పెడతారు," అంది ఫాన్‌రుయ్ ఏడుస్తూ. "పొడుగ్గా కాళ్ళకి చుట్టుకుని మనిషిని కదలనివ్వకూడదని. పోయేవాళ్ళకి మాంసం పెట్టి మడిచినవి పెడతారు. తిను, మూట కట్టుకో, దయచెయ్యి అని. వచ్చిన పూటే అవి పెడితే దానికి ఒకటే అర్థం. చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా ఊళ్ళో ఒకాయన అల్లుడికి అట్లా పెడితే పెళ్ళే చెడిపోయింది."

"అవి మీ డంప్లింగులు! ఇవి వాంటన్లు!"

"పైన పిండి, లోపల మాంసం. మా అమ్మకి రెండూ ఒకటే."

"నాకెలా తెలుస్తుంది మీ ఊరి గోల? ఎవరైనా చెప్పారా?"

"నేను చెప్పాను," అన్నాడు లెయ్.

వాడు మంచం అంచు మీద కూర్చున్నాడు. తల్లి వైపు చూడలేదు. "పెళ్ళికి ముందు మొదటిసారి వాళ్ళ ఊరెళ్ళి వచ్చి చెప్పాను. వెళ్ళగానే ఇంత పెద్ద గిన్నెలో నూడుల్స్ పెట్టారు, వచ్చేటప్పుడు అత్తయ్య తెల్లవారకముందే లేచి డంప్లింగులు చేసింది, వాళ్ళ పద్ధతి ఇదట అని. నువ్వు నవ్వావు. తిండికి కూడా టైంటేబులా ఈ పల్లెటూరివాళ్ళకి అన్నావు. అంతటితో ఆగక బావ్ పిన్నిని పిలిచి ఆమెకి కూడా చెప్పి నవ్వావు."

చ్యావ్‌దీకి గుర్తు రాలేదు. నిజంగానే గుర్తు లేదు. నవ్విన నవ్వులన్నీ గుర్తు పెట్టుకోవాలంటే ఆమెకి ఇంకో తల కావాలి.

"నాకు గుర్తు లేదురా. ఒట్టు. మర్యాదకనే చేశాను. భుజం పట్టేసేలా నరికాను. నువ్వే చూశావుగా, ఎంత శ్రద్ధగా చేశానో!"

"చూశాను. మనిషిని అవమానించడానికి కూడా అమ్మ ఎంత శ్రద్ధగా చేస్తుందో అనుకున్నాను."

చ్యావ్‌దీ తలుపు పట్టుకుని నిలబడింది.

"నువ్వు కూడానా? నువ్వు కూడా అలాగే అనుకున్నావా?"

"ఇంకెలా అనుకోవాలమ్మా?"

"ఇవాళ కాక వెళ్ళిపోయేటప్పుడా అని మీరే అన్నారు కదా నాతో," అంది ఫాన్‌రుయ్. "ఇంక అడగడానికి ఏముంది? ఇదే బావ్ పిన్ని పెట్టి ఉంటే మా అమ్మ నవ్వేసేది. వీళ్ళ పద్ధతి వేరేమోలే అనుకునేది. మీరు పెట్టారు కాబట్టి నమ్మింది. నేనూ నమ్మాను. పోయినసారి నేను ఆసుపత్రి నుంచి వచ్చి పడుకుంటే, వంటింట్లో నిలబడి ఏమన్నారో నాకు వినబడింది. కొందరి ఒళ్ళు మోయడానికి పనికిరాదు అన్నారు. అందుకే అత్తయ్యా, ఈసారి అమ్మ కావాలన్నాను. నొప్పులు వస్తుంటే తలుపు అవతల మీరొక్కరే ఉంటారని తలచుకుంటేనే నాకు భయం. అమ్మ లేకపోతే నేను ఇక్కడ కనను. దారిలో ఏమైనా సరే, మా ఊరు పోతాను."

"డాక్టరు ప్రయాణం చేయొద్దన్నాడు," అన్నాడు లెయ్.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. చ్యావ్‌దీ నోటి ధర్మమా అని సొంత ఇల్లే మంచిది కాకుండా పోయింది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. ఆ చెట్టు నాటిందీ, ఇన్నేళ్ళూ నీళ్ళు పోసి పెంచిందీ ఆమే. జాలిపడాల్సింది ఏమీ లేదు. అయినా ఆ క్షణాన ఆమె మొహం చూస్తే, అంతవరకు నవ్వుకుంటున్నవాళ్ళు కూడా చూపు తిప్పుకునేవాళ్ళు.

ఆమె చెప్పులేసుకుంది.

"నేనూ వస్తానమ్మా," అన్నాడు లెయ్.

"నువ్వు దాని దగ్గరుండు. ఆ పెట్టె మూయనివ్వకు."

సిటీ బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. ఉత్తరం వైపు వెళ్ళే బస్సుల స్టాండులో జనం, మూటలు, బకెట్లు, నేల మీద పరుచుకుని నిద్రపోతున్న మనుషులు. మామూలు రోజైతే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునేది. ఆ రోజు ఒక్కో బెంచీ వెతుక్కుంటూ వెళ్ళింది. చివర కిటికీ పక్కన షూలింగ్ కనిపించింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఉల్లికాడ చుట్టిన రొట్టె కొరుక్కుంటోంది. తల ఎత్తి చూసింది. ఆశ్చర్యపోయినట్టు లేదు.

"ఏం వదినా, ఎక్కానో లేదో చూసుకుని పోదామని వచ్చినావా? రాత్రే సాగనంపినావు కదా."

"అది సాగనంపడం కాదు. నాకు తెలీదు."

"అల్లుడు నీకు చెప్పినాడంటగా."

"చెప్పాడట. నేను వినలేదు."

"చెవుడా?"

"కాదు," అంది చ్యావ్‌దీ. "మీ గురించి ఎవరేం చెప్పినా వినేదాన్ని కాదు."

షూలింగ్ ఒక్కసారి పెద్దగా నవ్వింది. పక్క బెంచీవాళ్ళు తిరిగి చూశారు. "పోనీలే. ఈ ముక్కొక్కటీ నిజం."

"మర్యాదకే చేశాను. మా వీధిలో ఇంతకంటే ఎవరూ ఏమీ చేయరు. మిషన్లో కూడా వేయించలేదు, చేత్తో నరికాను."

"మర్యాద చేసేవాళ్ళు చేతులు కట్టుకుని జైలు కాపలావాళ్ళ మాదిరి నిలబడతారా? నీ మొహం చూసినావా ఆ టయాన?"

"నా మొహమే అంత."

"అది మాత్రం అంతే," అని షూలింగ్ ఒప్పుకుంది.

చ్యావ్‌దీ బెంచీ చివర కూర్చుంది. అలవాటు ప్రకారం ఆమెకి తెలిసిన ఒకే ఒక్క ప్రశ్న నోట్లోంచి వచ్చింది. "ఇంతకీ ఎలా ఉన్నాయి?"

"ఏంటివి?"

"వాంటన్లు. నిజం చెప్పు."

షూలింగ్ రొట్టె కాగితంలో పెట్టింది. "తెలీదు."

"తెలీకపోవడమేమిటి? ఒక్కటి మిగల్చలేదు. చారు కూడా తాగావు."

"తాగినా. గిన్నెలో వదిలితే నువ్వు రేపు నా పిల్లని అంటావని తాగినా. ఒక్కోటి నోట్లో పెట్టుకునేటప్పుడు, నా బిడ్డ కాన్పు చూడకుండా పోవాల, పురిట్లో దాని తల పట్టుకునే దిక్కు లేదు, అని అదే అనుకుంటా మింగినా. ఏడిస్తే పిల్ల చూస్తదని ఏడుపు కూడా దాంతోనే మింగినా. ఉప్పుందో, లేదో, మాంసమో, మట్టో నాకేం తెలుసు? నువ్వు పక్కనే నిలబడి చూస్తావుంటివి."

చ్యావ్‌దీకి రాత్రి దృశ్యం కళ్ళ ముందు కదిలింది. ఈ పెద్ద మనిషి తల వంచుకుని ఒకదాని తర్వాత ఒకటి తినడం, తను మెప్పు కోసం చూస్తూ నిలబడడం. తినడం తెలిస్తేగా అనుకుంటూ నిలబడడం. రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. అంత చక్కగా రింగులు తిప్పించుకున్న మనిషి బస్టాండులో వెక్కి వెక్కి ఏడవడం చూసి, నేల మీద పడుకున్న ఒకాయన లేచి కూర్చున్నాడు.

షూలింగ్ ఊరుకోబెట్టలేదు. తన మానాన తను కూర్చుంది. కాసేపయ్యాక, "ఇంత దూరం వచ్చినావు. వచ్చిన పని చెప్పు," అంది.

"రా, పోదాం. ఫాన్‌రుయ్ ఇల్లు పీకి పందిరేస్తోంది."

"దాంతో నేను ఫోన్లో మాట్లాడుకుంటాలే."

"నువ్వు రాకపోతే మావాడు ఇంక నా మొహం చూడడు."

"అది నీ బాధ. నా బాధ కాదు." మైకులో ఆమె బస్సు పేరు పిలిచారు. షూలింగ్ సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. "అయిపోయిందా? ఇంకేమన్నా ఉందా?"

చ్యావ్‌దీ కూడా లేచింది. సంచీ తాడు పట్టుకుంది. గింజుకుంటున్నట్టుగా మాట బయటికి వచ్చింది. "నాకు రాదు. మాంసం నరకడం వచ్చు, మనిషిని ఉండమనడం రాదు. నా కాన్పప్పుడు మా అత్త పక్క గదిలోంచి తిడుతూనే ఉండేది. నొప్పుల కంటే ఆ మాటలే ఎక్కువ గుర్తున్నాయి. అంత గుర్తుండి కూడా నా కోడలికి అవే వినిపించాను. ఆ పిల్ల నన్ను చూసి భయపడుతోంది వదినా. కనేటప్పుడు తలుపు అవతల నేనుంటే భయమంది. నువ్వు ఉండు. నా కోసం కాదు, మావాడి కోసం కాదు. దానికి భయం లేకుండా ఉంటుంది. నా ఇంట్లో ఉండు. పోవద్దు."

బస్సు హారన్ కొట్టింది. మూటలవాళ్ళు తోసుకుంటూ వెళ్ళారు. షూలింగ్ తలుపు వైపు చూసింది, తాడు పట్టుకున్న ఆ సన్నటి చేతి వైపు చూసింది.

"పిండి నేను కలుపుతా," అంది షూలింగ్. "నువ్వు కొన్న రేకులు నా పిల్లకి పెట్టను."

చ్యావ్‌దీ నాలుక చివరి దాకా ఏదో వచ్చింది. మింగేసింది. మింగడం కష్టమైందని ఆమె మొహంలో స్పష్టంగా తెలిసింది. "సరే," అంది.

"నూనె నీ ఇష్టం వచ్చినంత పొయ్యకూడదు. ఉల్లికాడ పచ్చిది తింటా, వాసనొస్తదని ముక్కు మూసుకోకూడదు."

"సరే. తలుపు వేసుకుని తిను."

షూలింగ్ కోపంగా చూసింది.

"తలుపు తీసే తిను," అంది చ్యావ్‌దీ.

బస్సు వెళ్ళిపోయింది. షూలింగ్ సంచీ దింపి వియ్యపురాలి చేతికి ఇచ్చింది. చ్యావ్‌దీ అందుకుని ఒక పక్కకి ఒరిగిపోయింది. "ఏముందిందులో? మీ ఊళ్ళో రాళ్ళన్నీ మోసుకొచ్చావా?"

"తెచ్చినా. నీ నెత్తినేద్దామని."

ఇద్దరూ బయటికి నడుస్తుంటే షూలింగ్ ఫోను మోగింది. అవతల ఫాన్‌రుయ్ ఏడుపు చ్యావ్‌దీకి కూడా వినబడింది. షూలింగ్ ఫోను చెవికి దూరంగా పెట్టుకుని అరిచింది. "వస్తాన్నానే, ఎక్కడికీ పోలేదు. కాన్పయి నెల వెళ్ళేదాకా ఆడ్నే ఉంటా. నువ్వు ఏడుపు ఆపు ముందు. ఈడ మీ అత్త కూడా ఏడుస్తాంది, ఇద్దర్నీ ఒకేసారి ఊరుకోబెట్టడం నా వల్ల కాదు."

"నేనేం ఏడవట్లేదని చెప్పు దానికి," అంది చ్యావ్‌దీ ఫోను వైపు వంగి, ఏడుస్తూనే.